4,18,000 కిలోమీటర్లు తిరిగిన నా పజెరోని అమ్మిన అనుభవం

మా పజెరో, అంటే మిత్సుబిషి వాళ్ల ఫోర్ వీల్ డ్రైవ్ బండి, మీటరు 4,18,000 దాటిన వారంలోనే దాన్ని అమ్మేద్దామని నిర్ణయించుకున్నాను. బండిలో ఏదో తేడా వచ్చిందని కాదు. ఏడాది మొత్తానికి అది తిరిగింది పదకొండు వందల కిలోమీటర్లే. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ దూరం మూడు వారాల్లో తిరిగేసేవాడిని. భూగర్భ జలాల సర్వే నా పని. దారి ఎక్కడ ఆగిపోతుందో అక్కడి నుంచే మాకు పని మొదలయ్యేది. రిటైరయ్యాక బండి షెడ్డులో ఉండిపోయింది, నేను ఇంట్లో ఉండిపోయాను. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. అంత ఎత్తు ఎక్కడం ఆమె వల్ల కావడం లేదు.

నిలబెట్టిన బండి ఊరికే ఉండదు, లోపల్లోపల పాడవుతూ ఉంటుంది. ఆయిల్ సీళ్లు ఎండి గట్టిపడతాయి. బ్రేకు డిస్కుల మీద తుప్పు పేరుకుంటుంది. డీజిల్ ట్యాంకులో చెమ్మ చేరుతుంది. ఇన్నేళ్లు కంటికి రెప్పలా చూసుకున్న బండి నా కళ్ల ముందే అలా తయారవడం నాకు నచ్చలేదు. తిప్పేవాళ్ల చేతికి వెళ్తే ఇంకో లక్ష కిలోమీటర్లు తిరుగుతుందని నాకు తెలుసు. ఆ తిప్పేవాళ్లను వెతకడానికి నాకు అయిదు నెలలు పట్టింది.

బండి గురించి రెండు మాటలు చెప్పాలి. 1998 మోడల్, రెండో తరం పజెరో. 2,835 సీసీ టర్బో డీజిల్ ఇంజిను (దాని పేరు ఫోర్ ఎం ఫార్టీ), ఐదు గేర్ల మాన్యువల్. ఛాసిస్ మీద బాడీ విడిగా కూర్చునే పాత పద్ధతి బండి. 2006లో 96,000 కిలోమీటర్ల దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆ తర్వాత తిరిగిన మూడు లక్షల ఇరవై రెండు వేల కిలోమీటర్లూ దాదాపు నా చేతి మీదే. ప్రతి 5,000 కిలోమీటర్లకూ ఇంజిన్ ఆయిల్ మార్చాను. పని ఒత్తిడిలో ఆరు వేల దాకా లాగిన సందర్భాలు కొన్ని ఉన్నాయి, అంతకు మించి ఎప్పుడూ పోనివ్వలేదు.

మొదట పాత బండ్లు కొని అమ్మే ఒక పెద్ద షోరూముకు తీసుకెళ్లాను. శ్రమ లేకుండా ఒక్క రోజులో అయిపోతుందనుకున్నాను. అక్కడి కుర్రాడు తలుపు తీసి, తాళం తిప్పి, మీటరు చూసి, ఫోన్‌లో ఏవో వివరాలు కొట్టాడు. బానెట్ ఎత్తలేదు. కిందికి వంగి చూడలేదు. నేను తీసుకెళ్లిన బిల్లుల ఫైలు బల్ల మీదే ఉంది, దాన్ని ముట్టుకోలేదు. రెండు నిమిషాల్లో ఒక రేటు చెప్పాడు. అది ఇంచుమించు ఇనుము తూకానికి ఇచ్చే రేటు.

"ఒక్కసారి స్టార్ట్ చేసి చూడండి బాబూ" అన్నాను.

"అవసరం లేదు సార్. సిస్టమ్‌లో ఇయరూ, కిలోమీటర్లూ కొడితే రేటు అదే వస్తుంది. నాలుగు లక్షలు దాటితే మేం పెట్టుకోం, వేరేవాళ్లకి పంపించేస్తాం."

అతని తప్పేమీ లేదు, అతని చేతిలో ఉన్నది అంతే. కానీ ఆ రోజు ఇంటికి వస్తుంటే మనసు చాలా కష్టంగా అనిపించింది. నా బండి విలువంతా ఆ ఫైల్లోనూ, బండి కింద భాగంలోనూ ఉంది. ఆ రెండూ చూడకుండా రేటు కట్టే చోట దాన్ని అమ్మకూడదని అప్పుడే అనుకున్నాను. వాళ్ల లెక్కలో మొదటి యజమాని గ్రీజు కూడా పెట్టించని బండీ, నా బండీ ఒకటే. తిరిగిన దూరం మాత్రమే చూస్తే ఆ రెండింటికీ తేడా తెలిసే మార్గం లేదు.

మా మెకానిక్ దగ్గరికి వెళ్లాను. పద్నాలుగేళ్లుగా ఈ బండి అతని చేతిలోనే ఉంది. అమ్ముతున్నానంటే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒకటే అన్నాడు: "సార్, పెయింటు జోలికి మాత్రం వెళ్లకండి. ఇంజిన్ కడిగించకండి. కింద నల్ల కోటింగ్ అసలే కొట్టించకండి. తెలిసినవాడు కొత్త నలుపు చూశాడంటే దాని కింద తుప్పు ఉందనే అనుకుంటాడు."

ఆ మాట నాకు చాలా ఉపయోగపడింది. ఎందుకంటే నేను అప్పటికే బాడీకి డెంటింగ్, పెయింటింగ్ చేయిద్దామని రేటు కూడా కనుక్కున్నాను. ఇద్దరం కూర్చుని ఏది చేయించాలో, ఏది వదిలేయాలో మాట్లాడుకున్నాం. బండిని కదిలించేదీ, ఆపేదీ, తిప్పేదీ ఏదైనా సరే చేయించాలి. కంటికి మాత్రమే కనిపించేది అలాగే ఉంచి, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ లెక్కన ఇంజిన్ శక్తిని వెనక చక్రాలకు తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో ఒక క్రాస్, అంటే మడత కీలు, మార్చాం. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ దగ్గర ఒక ఆయిల్ సీలు చెమ్మగిల్లుతోంది, దాన్ని వేయించాం. పొద్దున్నే స్టార్ట్ చేస్తే తెల్ల పొగ కొంచెం ఎక్కువసేపు వస్తోంది. చూస్తే స్టార్ట్ చేసేముందు ఇంజిన్ లోపల వేడి చేసే నాలుగు హీటర్ ప్లగ్గుల్లో ఒకటి పోయింది. నాలుగూ మార్పించాను. బానెట్ మీద వెలిసిన రంగు, వెనక తలుపుకి పడిన సొట్ట, అరిగిన డ్రైవర్ సీటు గుడ్డ అలాగే వదిలేశాం.

ఇంకొకటి ఉంది. ఈ బండిలో ఫోర్ వీల్ వేయగానే, అంటే ఇంజిన్ శక్తి నాలుగు చక్రాలకూ వెళ్లేలా మార్చగానే, డ్యాష్‌బోర్డు మీద నాలుగు చక్రాల బొమ్మ వెలుగుతుంది. ముందు ఇరుసు కలిసేదాకా ముందు చక్రాల లైట్లు మిణుకుమిణుకుమంటాయి, కలిశాక నిలకడగా వెలుగుతాయి. మా బండిలో ఏడాదిగా ఆ మిణుకు ఆగడానికి చాలాసేపు పడుతోంది. ఆ ముందు ఇరుసును కలిపేది వాక్యూమ్, అంటే గాలిని పీల్చే శక్తి. సన్నటి రబ్బరు గొట్టాలు వయసుకి పగుళ్లిచ్చి గాలి వదిలేస్తున్నాయి. అయిదారు అడుగుల గొట్టంతో పోయేదానికి నేను ఏడాది బద్ధకించాను. తెలియనివాడు చూస్తే ఫోర్ వీల్ డ్రైవే పాడైపోయిందని బేరం సగానికి దించేవాడు. చిన్న చిన్నవే ముందు సరిచేయించుకోవాలి. కొనేవాడి కళ్లకు చిన్నదీ పెద్దదీ ఒకేలా కనిపిస్తాయి.

తర్వాత నాకూ, మా మెకానిక్‌కీ ఏ సంబంధమూ లేని ఒక వర్క్‌షాపులో బండిని పరీక్ష చేయించాను. మనవాడు బాగుందంటే కొనేవాళ్లు నమ్మరు, నమ్మనక్కర్లేదు కూడా. నాలుగు సిలిండర్ల కంప్రెషన్, అంటే లోపల గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో, కొలిపించాను. ఎక్కువకీ తక్కువకీ మధ్య తేడా పది శాతం లోపే వచ్చింది. పాత డీజిల్ ఇంజినుకు అది చాలా మంచి సంగతి. అంకె ఎంత వచ్చిందన్నది ఎంత ముఖ్యమో, నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉండటం అంతే ముఖ్యం. ఇంజిన్ ఆయిల్ కొంచెం సీసాలో పట్టి ల్యాబుకు కూడా పంపించాను. ఆయిల్లో ఇనుము, రాగి, అల్యూమినియం ఎంత కలిసిందో చూసి లోపల ఏ భాగం ఎంత అరుగుతోందో చెప్తారు. సిలికాన్ ఎక్కువగా ఉంటే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము లోపలికి పోతోందని అర్థం. సోడియం, పొటాషియం కనిపిస్తే కూలెంట్ కలుస్తోందేమోనని అనుమానించాలి. నాకు అన్నీ మామూలుగానే వచ్చాయి. ఆ రెండు కాగితాలకు పెట్టిన ఖర్చు పెయింటింగ్‌కు అడిగిన దాంట్లో పదో వంతు కూడా లేదు.

అసలు పని ఫైలు దగ్గర మొదలైంది. పద్దెనిమిదేళ్ల బిల్లులు ఒక అట్టపెట్టెలో ఉన్నాయి. అన్నీ ఉన్నాయనే ధైర్యంతో ఇన్నాళ్లూ ఉన్నాను. తీసి చూస్తే యంత్రంలో ప్రింటయ్యే ఆ నున్నటి కాగితం బిల్లులు చాలావరకు తెల్లబడిపోయాయి. అక్షరాల ఆనవాలు కూడా లేదు. 2012 నుంచి 2014 దాకా ఉన్న వాటిలో సగం అలా పోయాయి. టర్బో బాగుచేయించిన బిల్లయితే లైటుకి ఎదురుగా పట్టుకుని, కాగితాన్ని వాల్చి చూస్తే లీలగా తేదీ, కిలోమీటర్లు కనిపించాయి. అప్పటికప్పుడు ఫోటో తీసి పెట్టుకున్నాను. నన్ను ఆదుకున్నది చేతిరాత నోటు పుస్తకం. కొన్న రోజు నుంచీ డీజిల్ కొట్టించిన ప్రతిసారీ తేదీ, మీటరు రీడింగు, ఎన్ని లీటర్లు, ఏం పని చేయించాను అన్నవి రాసుకునే అలవాటు. రెండు పుస్తకాలు నిండాయి, మూడోది సగం అయింది. క్లచ్ 2,31,000 దగ్గర, టర్బో 3,02,000 దగ్గర, డీజిల్ పంపూ ఇంజెక్టర్లూ 3,55,000 దగ్గర, రేడియేటర్ 3,80,000 దగ్గర. అన్నీ ఆ పుస్తకాల్లో దొరికాయి. మా అబ్బాయి సెలవుకి వచ్చినప్పుడు పక్కన కూర్చుని వాటన్నిటినీ ఒక పట్టికగా టైపు చేసిపెట్టాడు.

ఒక చోట మాత్రం పద్నాలుగు నెలల ఖాళీ ఉంది. అప్పుడు నేను వేరే ఊళ్లో పనిలో ఉన్నాను. బండి మా తమ్ముడి దగ్గర ఉంది. ఆయిల్ మార్పించానని వాడు చెప్పాడు, కాగితం లేదు. పట్టికలో ఆ చోట "ఈ కాలానికి ఆధారాలు లేవు" అని రాయించాను. మా అబ్బాయి వద్దన్నాడు. నేను వినలేదు. మిగతాది నమ్మాలంటే అది అక్కడ ఉండాలి అనిపించింది.

ప్రకటన రాయడానికి ఒక ఆదివారం పట్టింది. మొదటి వాక్యంలోనే 4,18,000 కిలోమీటర్లు అని పెట్టాను. ఆ అంకె దాచిపెడితే ఫోన్లు ఎక్కువ వస్తాయి, కానీ వచ్చినవాళ్లందరూ ఆ అంకె వినగానే పెట్టేస్తారు. ముప్పై ఫోటోలు పెట్టాను. బయటి అందం చూపించేవి ఎనిమిదే. మిగతావన్నీ ఛాసిస్ కింద, చక్రాల లోపలి వంపులు, తలుపుల అడుగు అంచులు, తుప్పు మొదలైన రెండు చోట్లు దగ్గరగా. వీడియో ఒకటి: రాత్రంతా బయట నిలబెట్టిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేయడం. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూపించి, ఆ తర్వాత తాళం తిప్పాను. ఏమేం బాగాలేవో ఒక పేరా విడిగా రాశాను. ఏసీ మండుటెండలో సరిపోదు, వెనక తలుపు సొట్ట, ముందు సీటు గుడ్డ చిరిగింది, 2012 తర్వాత బిల్లుల్లో ఖాళీ ఉంది.

మొదటి పది రోజులు చాలా నీరసం వచ్చింది. ఎక్కువమంది అడిగింది ఒక్కటే: "చివరి రేటు ఎంత?" బండి చూడకుండా, ప్రకటన చదవకుండా. మొదట్లో ఓపికగా జవాబిచ్చాను. తర్వాత "వచ్చి బండి చూశాక మాట్లాడుకుందాం" అని ఒకే మాట చెప్పడం మొదలుపెట్టాను. అలా అన్నాక మళ్లీ ఫోన్ చేసినవాళ్లు పదిమందిలో ఒకరు. ఆ ఒక్కరే నాకు కావలసింది.

మధ్యవర్తి ఒకాయన ఇంటికే వచ్చాడు. పెద్దమనిషిలాగే ఉన్నాడు. బండి చుట్టూ తిరిగి చూసి, "సార్, బండి చాలా బాగుంది. లోపల ఇంత శుభ్రంగా ఉంది కాబట్టి మీటరు ఒకటిన్నర లక్షకి తెస్తే ఎవరూ కనిపెట్టలేరు. నాకు తెలిసిన మనిషి ఉన్నాడు. ఇప్పుడు వచ్చే రేటుకి రెట్టింపు వస్తుంది, మనం పంచుకుందాం" అన్నాడు. నాకు కోపం కన్నా బాధ ఎక్కువైంది. ఆ ఒక్కో వేయి కిలోమీటర్లూ నేను నడిపినవి. రాత్రిళ్లు కొండ దారిలో, వానలో, జ్వరంతో, నిద్ర ఆపుకుంటూ. వాటిని చెరిపేస్తే ఆ పుస్తకాల్లో రాసినదంతా అబద్ధమైపోతుంది. పైగా ఆ అంకె నమ్మి కొన్నవాడు, క్లచ్ ఎప్పుడు మార్చాలో, పంపు ఎప్పుడు చూపించుకోవాలో అన్నీ తప్పు లెక్క వేసుకుంటాడు. కొండ ఎక్కుతుంటే ఆగిపోయేది అతని బండి. "మీరు వెళ్లొచ్చు" అని గేటు దాకా వెళ్లి పంపించాను. ఆ రోజు నుంచి మీటరు ఫోటోకి పక్కన ఆ రోజు తేదీ వేసి ప్రకటనలో పెట్టాను.

చూడటానికి వచ్చినవాళ్లలో ఇద్దరికి నేనే వద్దని చెప్పాను. ఒకతనికి రోజూ పిల్లల్ని బడికి దింపడానికి కావాలట. రెండు టన్నుల బరువున్న పాత డీజిల్ బండి, రోజూ రెండేసి కిలోమీటర్లు, ఇంజిన్ వేడెక్కకుండానే ఆపేయడం. బండికీ మంచిది కాదు, అతనికీ కాదు. డీజిల్ ఖర్చు చూసి రెండు నెలల్లో నన్ను తిట్టుకునేవాడు. రెండో అతను కుర్రాడు. వచ్చీ రాగానే టైర్లు పెద్దవి వేసి, ఎత్తు లేపి, సైలెన్సర్ మార్చాలని లెక్కలు వేస్తున్నాడు. టెస్ట్ డ్రైవ్‌లో ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ హెచ్ఎల్‌సీ అనే ఫోర్ వీల్ స్థానం వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. అది వేస్తే మధ్యలో ఉన్న డిఫరెన్షియల్, అంటే చక్రాలు వేరు వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె, లాకైపోతుంది. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేరు వేరు దూరాలు తిరగాలి. లాకయ్యాక తిరగలేవు. తారు రోడ్డు మీద చక్రం జారి సర్దుకోదు కాబట్టి ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. మట్టిలోనో ఇసుకలోనో అయితే చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది. ఈ బండిలో ఆ లాకు లేని ఫోర్ హెచ్ వేసుకుని తారు మీద కూడా నడపొచ్చు, అదే దీని గొప్ప. నేను చెప్తుంటే అతను ఫోన్ చూసుకుంటున్నాడు. డబ్బు అడిగినంతా ఇస్తానన్నాడు. రెండు రోజులు ఆలోచించి కాదన్నాను. మా ఆవిడకు కోపం వచ్చింది, రావడం న్యాయమే.

టెస్ట్ డ్రైవ్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను. ఎవరికిచ్చినా ముందు వాళ్ల లైసెన్సు చూసి ఫోటో తీసుకున్నాను. ఇన్సూరెన్సు నడుస్తోందని చూసుకున్నాను. ప్రతిసారీ పక్క సీట్లో నేను కూర్చున్నాను. మొహమాటపడి తాళాలు చేతికిచ్చి ఇంట్లో కూర్చోవద్దు.

నాలుగో నెలలో ఒకావిడ ఫోన్ చేశారు. పశువుల డాక్టరు. కొండ మీది ఊళ్లు తిరగాలి, వానాకాలంలో వాగులు దాటాలి. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న రేటు గురించి కాదు. "డిఫరెన్షియల్ బ్రీదర్లు పైకి తీసి పెట్టారా అంకుల్?" అని అడిగారు. నేను ఫోన్ పట్టుకుని కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఆ ప్రశ్న ఎందుకు అంత ముఖ్యమో చెప్పాలి. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ ఒక్కో డిఫరెన్షియల్ ఉంటుంది. దాని పెట్టె హౌసింగ్, ఆ పెట్టెకి గాలి ఆడే చిన్న రంధ్రం బ్రీదర్. చాలాసేపు నడిచిన బండికి ఆ హౌసింగ్ బాగా వేడెక్కి ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా చల్లటి వాగు నీళ్లలో దించితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. ఆ ఖాళీ పూరించడానికి బయటి నుంచి లాగుతుంది. బ్రీదర్ నీళ్లలో మునిగి ఉంటే నీళ్లే లోపలికి పోతాయి. సీళ్ల దగ్గర కూడా సందు దొరికితే లాగుతుంది. అందుకే బ్రీదర్‌కి గొట్టం తగిలించి బానెట్ ఎత్తుకి తీసుకొస్తారు. ఇది నేను నష్టపోయి నేర్చుకున్నదే. 2009లో ఒక వాగు దాటి పట్టించుకోకుండా వదిలేశాను. రెండు నెలల తర్వాత వెనక హౌసింగ్ నుంచి హోరు మొదలైంది. ఆయిల్ దించితే పాలు కలిపిన కాఫీ రంగులో వచ్చింది. బేరింగులు పోయాయి. ఆ తర్వాతే రెండింటికీ గొట్టాలు పెట్టించాను. అదంతా ఆవిడకు ఫోన్‌లోనే చెప్పాను. "సరే, శనివారం వస్తాను. పొద్దున ఏడింటికి వస్తాను, అప్పటిదాకా దయచేసి స్టార్ట్ చేయకండి" అన్నారు.

వచ్చేటప్పుడు ఒక చాప, టార్చిలైటు, పాత దుస్తుల జత తెచ్చుకున్నారు. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూశారు. స్టార్ట్ చేశాక వెనక్కి వెళ్లి పొగ చూశారు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి, అక్కడి నుంచి ఆవిరి ఎంత తోసుకొస్తోందో గమనించారు. తర్వాత చాప పరుచుకుని కిందకి దూరారు. స్క్రూడ్రైవర్ పిడితో ఛాసిస్‌ని ముందు నుంచి వెనక దాకా తట్టుకుంటూ వెళ్లారు. గట్టి ఇనుము ఖణేల్‌మంటుంది. తుప్పు తిన్న చోట మొద్దు చప్పుడు వస్తుంది. నేను పక్కన నేల మీద కూర్చుని ఆ చప్పుళ్లే వింటున్నాను. వెనక బంపరు దగ్గర ఒక చోట చప్పుడు మారింది. అది నేను ఫోటోలో చూపించిన చోటే. ఆవిడ "ఇదేగా మీరు పెట్టింది" అని ముందుకు సాగారు.

తర్వాత అడిగారు: "వెనక హౌసింగ్ ఆయిల్ దించి చూడొచ్చా? కొత్త ఆయిల్ ఖర్చు నేనే పెట్టుకుంటాను." అలా అడిగినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. ఆ డ్రెయిన్ ప్లగ్గుకి లోపలి వైపు అయస్కాంతం ఉంటుంది, రిపేరు తర్వాత నేనే వేయించాను. ప్లగ్గు విప్పి ఆవిడ అరచేతిలో పెట్టుకున్నారు. అయస్కాంతం కొసన బూడిద రంగులో మెత్తటి ముద్ద, కాటుకలా. వేలితో తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూశారు. గరుకు తగల్లేదు. గేర్లు మామూలుగా అరిగితే అలాగే మెత్తగా వస్తుంది. పెచ్చులో, సన్నటి ముక్కలో తగిలితే పళ్లు విరుగుతున్నాయని అర్థం. ఆ వేళ్లు పాత గుడ్డకి తుడుచుకుని నా వైపు చూసి, "బాగా చూసుకున్నారు అంకుల్" అన్నారు. పద్దెనిమిదేళ్లలో ఈ బండి గురించి నేను విన్న మంచి మాట అది. ఆ మాటకి నా గొంతు పట్టేసింది.

కానీ ఆవిడ అక్కడితో ఆగలేదు. ముందు చక్రాలు జాకీ మీద లేపి, నన్ను స్టీరింగు అటూ ఇటూ కొంచెం కొంచెం కదపమని, కింద చేత్తో పట్టుకుని చూశారు. స్టీరింగు కడ్డీలను పట్టి ఉంచే ఐడ్లర్ ఆర్మ్ బుష్‌లో ఆట ఉంది, అంటే వదులైంది. నాకు తెలియదు, మా మెకానిక్ చూడలేదు, పరీక్ష చేసిన వర్క్‌షాపు వాళ్లూ రాయలేదు. నేను కూడా చెయ్యి పెట్టి చూశాను, నిజమే. టైర్ల పక్క గోడ మీద నాలుగు అంకెలు కూడా చదివారు. ఆ నాలుగింటిలో మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. మూడు టైర్లు ఒకే ఏడాదివి, నాలుగోది రెండేళ్లు కొత్తది. పంక్చరై చీలిపోతే మార్చినది. ఫోర్ వీల్ బండికి నాలుగు టైర్ల అరుగుదల ఒకేలా ఉండాలి, లేకపోతే చక్రాలు తిరిగే లెక్క మారుతుంది. అది నాకూ తెలుసు. అయినా ఒక్కటే మార్చాను.

తర్వాత టెస్ట్ డ్రైవ్‌కి కంకర దారిలోకి వెళ్లాం. ఫోర్ హెచ్, ఆపి ఫోర్ హెచ్ఎల్‌సీ, బండి పూర్తిగా నిలిపి క్లచ్ నొక్కి, నెమ్మదిగా బలంగా లాగే ఫోర్ ఎల్ఎల్‌సీ. బొమ్మలో ముందు చక్రాలు రెండు మిణుకులు మిణుకుమని నిలబడ్డాయి. ఏటవాలు దిగేచోట బ్రేకు మీంచి కాలు తీసేసి, ఫస్ట్ గేరులో ఇంజిన్ పట్టు మీదే నెమ్మదిగా దించారు. నేను ఏమీ చెప్పనక్కర్లేదని అర్థమైంది.

బేరం పది నిమిషాల్లో అయిపోయింది. ఐడ్లర్ ఆర్మ్, రెండు కొత్త టైర్లు, వెనక బంపరు దగ్గర వెల్డింగ్ ఎంతవుతాయో ఇద్దరం కలిసి కాగితం మీద లెక్క వేశాం. అంత తగ్గించాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. నేను చెప్పిన రేటు కూడా గాల్లోంచి తీసింది కాదు. అలాంటి బండ్లు ఎంతకి అమ్ముడవుతున్నాయో నాలుగు నెలలు చూసి, అడిగే రేట్లు కాకుండా నిజంగా చేతులు మారిన రేట్లు కనుక్కుని పెట్టుకున్నాను. షోరూములో చెప్పిన దానికి రెండున్నర రెట్లు వచ్చింది. పజెరో తయారీ 2021లో ఆగిపోయింది. మంచి స్థితిలో ఉన్న పాత బండ్లు రాను రాను తగ్గిపోతున్నాయి. అది కూడా కొంత నాకు కలిసొచ్చింది.

కాగితాల పని గురించి త్వరగా చెప్పేస్తాను. డబ్బు బ్యాంకు ఖాతాలో పడిందని ఖాతా తెరిచి స్వయంగా చూసుకున్నాకే తాళాలు ఇచ్చాను. ఫోన్‌కి వచ్చిన మెసేజీ నమ్మలేదు. ఎప్పుడో తీర్చేసిన లోను రిజిస్ట్రేషన్ కాగితంలో ఇంకా అలాగే కనిపిస్తోంది, దాన్ని తీయించడానికి రెండు వారాలు పట్టింది. ముందే చూసుకుని ఉంటే ఆవిడను ఆ రెండు వారాలు ఆపక్కర్లేకపోయేది. అమ్మకం పత్రంలో తేదీతో పాటు గంటా, నిమిషమూ, మీటరు రీడింగూ రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం. ఆ నిమిషం తర్వాత జరిగేది ఆవిడ బాధ్యత, అంతకు ముందుది నాది. యజమాని మారినట్టు రిజిస్ట్రేషన్ ఆఫీసుకి నా వైపు నుంచి అదే రోజు తెలియజేశాను. రికార్డుల్లో పేరు మారిందని చూసుకున్నాకే ఇన్సూరెన్సు సంగతి ముట్టుకున్నాను.

బండి తీసుకెళ్లిన రోజు ఆవిడ గంటన్నర ఉన్నారు. దూరం నడిపాక ఆపేముందు ఇంజిన్‌ను ఒక నిమిషం ఊరికే తిరగనివ్వాలి, టర్బో చల్లబడాలని చెప్పాను. నెలకోసారైనా ఫోర్ వీల్ వేసి మట్టిలో నాలుగడుగులు తిప్పమన్నాను, లేకపోతే లోపల పట్టేస్తుంది. వాగు దాటిన ప్రతిసారీ వారంలోపు డిఫరెన్షియల్ ఆయిల్ రంగు చూడమన్నాను. ఇంట్లో మిగిలిన మూడు ఆయిల్ ఫిల్టర్లు, ఒక డీజిల్ ఫిల్టర్, గ్రీజు గన్ను, రెండు తాళాలు, బిల్లుల ఫైలు, మూడు నోటు పుస్తకాలు ఇచ్చేశాను. పుస్తకాలు ఉంచుకుంటారేమో అనుకున్నానన్నారు ఆవిడ. అవి బండివి అన్నాను. వెనక అద్దంలోంచి ఒకసారి చెయ్యి ఊపి వెళ్లిపోయారు. ఖాళీ షెడ్డులో నేల మీద ఆయిల్ మరక ఒక్కటి కూడా లేదని మా ఆవిడే ముందు గమనించింది.

రాత్రి తొమ్మిదింటికి బల్ల సొరుగులో పెన్ను వెతుకుతుంటే స్పేర్ టైరు లాక్ నట్ తాళం చేతికి తగిలింది. వేలెడంత ఇనుప ముక్క. అది లేకుండా కొండ దారిలో టైరు పంక్చరైతే స్పేర్ టైరు వెనకే కనిపిస్తుంటుంది, ఊడదీయలేరు. వెంటనే ఫోన్ చేశాను. అప్పటికి ఆవిడ ఇల్లు చేరారట. తెల్లారి మొదటి బస్సుకి వెళ్లి చేతికిచ్చి వచ్చాను. నేను వెళ్లేసరికి బండి వాకిట్లో లేదు, ఏదో ఊళ్లో ఆవు ఈనలేక ఇబ్బంది పడుతోందని నాలుగింటికే తీసుకెళ్లారట. ఆవిడ తిరిగొచ్చేదాకా అరుగు మీద కూర్చున్నాను. ఎనిమిదింటికి వచ్చింది బండి, నడుం దాకా బురదతో.